దేవ్లాకు కుర్చీ ఇచ్చారు

దేవ్లా మా పిండి గిర్నిలో నిద్రపోవడం ఈ వానాకాలంలోనే మొదలైంది.

ఇన్నేళ్ళుగా మా వెనక వీధిలోనే ఉంటున్నా ఆయన గిర్ని మెట్టు ఎక్కగా నేను చూసింది తక్కువ. పిండి పట్టించుకోవడానికి ఆడవాళ్ళే వస్తారు. అలాంటిది ఒకనాటి మధ్యాహ్నం డ్యూటీ బస్సు దిగి, ఇంటి దారి పట్టకుండా నేరుగా వచ్చి, జొన్న సంచుల పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు.

"ఏం పట్టాలె తమ్మీ?" అని అడిగాను.

"ఏం లేదక్కా. జర కూసుంట."

అప్పుడు నేను కారం పడుతున్నాను. ఆ ఘాటుకు ఈగ కూడా నిలవదు. మిరపకాయలు తెచ్చిన ఆడవాళ్ళంతా కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని రోడ్డు మీద నిలబడి తుమ్ముతున్నారు. దేవ్లా మాత్రం గోడకు తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, పసిపిల్లాడిలా నిద్రపోయాడు. తుమ్మలేదు, కదలలేదు. కారం అయిపోయి నేను స్విచ్చి కట్టి గిర్ని ఆపగానే మాత్రం ఉలిక్కిపడి లేచాడు.

"ఏమైంది? మిల్లు ఆగిందా? ట్రిప్పయిందా?" అన్నాడు.

"ట్రిప్పు గాదు, కారం అయిపోయింది" అన్నాను. ఆయన చుట్టూ చూసి, ఎక్కడున్నాడో గుర్తు తెచ్చుకుని, సిగ్గుపడుతూ లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు అదే వేళకు మళ్ళీ వచ్చాడు.

మనిషి ఇంట్లో మంచం ఉండగా గిర్నిలో ఎందుకు పడుకుంటాడు? నాకు ఆ ప్రశ్న పట్టుకుంది. నాకు ఒక ప్రశ్న పట్టుకుంటే జ్వరం లాగే, దిగేదాకా దిగదు.

మాది ఇప్పగూడెం క్యాంపు. ఒకప్పుడు వట్టి అడవి. బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటు వచ్చాక దాని చుట్టూ మేం మొలిచాం. తండాల నుంచి కొందరు, పల్లెల నుంచి కొందరు, కూలికని వచ్చి నౌకరీకి నిలిచినవాళ్ళం. ఇళ్ళల్లో గడియారాల కంటే ప్లాంటు చిమ్నీని ఎక్కువ చూసేవాళ్ళం. పొగ ఏటి వైపు పోతోందా, వడియాలు పెట్టుకో. మా వైపు తిరిగిందా, బట్టలు ఆరినా ఆరకున్నా లోపలికి తెచ్చుకో, లేకపోతే బూడిద. ఆ హోరు మాత్రం పగలూ రాత్రీ ఒక్కటే. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని ఏడ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు అదే జోలపాట అయ్యేది. ఎప్పుడన్నా యూనిట్ ట్రిప్పయి హోరు ఆగిందంటే, నిశ్శబ్దానికి వీధంతా మేలుకుని తలుపులు తీసుకునేది.

దేవ్లా పుట్టింది దమ్మపేట దిక్కు తండాలో. మేనమామ వెంట మట్టి పనికి వచ్చి, కాంట్రాక్టరు కింద కొన్నేళ్ళు చేసి, ఆ తర్వాత కంపెనీ మనిషి అయ్యాడు. పని మొదటి నుంచీ మిల్లుల దగ్గరే. మా గిర్నిలో జొన్నలు పిండి అయినట్టే అక్కడ బొగ్గు పిండి అవుతుంది. ఆ పిండిని గాలితో బాయిలర్‌లోకి ఊదితే మండుతుంది. ఎండాకాలం బాధ లేదు. వానలు పడ్డాయంటే మణుగూరు నుంచి వచ్చే బొగ్గు తడిసి బంకయి, మిల్లు మీది గొట్టంలో పట్టుకుని కిందికి దిగదు. దిగకపోతే మిల్లు ఆగుతుంది. వానల్లో అన్ని మిల్లులూ నడిస్తేనే చాలీచాలని కరెంటు, పక్కన పెట్టుకున్న మిల్లు లేదు. అందుకని సుత్తె. బరువైన సుత్తె పట్టుకుని, బొగ్గు దిగేదాకా ఆ గొట్టాన్ని కొడుతూనే ఉండాలి. దేవ్లా జీవితంలో వానాకాలాలన్నీ అలా కొట్టడంలోనే గడిచాయి. కుడి భుజం ఎడమదానికంటే లావు. ఆ హోరులో మాట్లాడీ మాట్లాడీ పక్కనున్న మనిషితో కూడా ఏటి అవతలి వాళ్ళను పిలిచినట్టు మాట్లాడతాడు.

ఆయన భార్య హేమ్లి సంగతి చెప్పకుండా దేవ్లా సంగతి సగమే. మా వీధుల్లో మిల్లుల మీద పనిచేసేవాళ్ళ ఇంట్లో బట్టలారేసే తాళ్ళు రెండుంటాయి. ఒకటి ఇంటి బట్టలకు, ఒకటి డ్యూటీ బట్టలకు. డ్యూటీ అంగీ నల్లదనం ఎంత ఉతికినా ఇంకొక బట్టకు అంటుకుంటుంది. హేమ్లి ఆ అంగీలు ఉతికిన రోజు కాలువలో నీళ్ళు నల్లగా మా ఇంటి ముందు నుంచే పోయేవి. ఎవరన్నా మూతి ముడిస్తే హేమ్లి ఊరుకునేది కాదు. "ఏం జూస్తున్నవ్? మా ఆయన సుత్తె పడితేనే మీ ఇంట్ల ఫ్యాన్ తిరిగేది" అనేది. ఆ మాట ఆమె నోట విననివాళ్ళు ఈ క్యాంపులో లేరు.

పోయిన ఉగాది తర్వాత పాత ప్లాంటు మూసేస్తున్నామని కంపెనీ వాళ్ళు క్లబ్బు హాల్లో మీటింగు పెట్టారు. చెప్పడానికి వచ్చింది భార్గవి అనే ఇంజినీరమ్మ. ఖమ్మం పిల్ల, చిన్న వయసు, మాట మెత్తన. పాత యూనిట్లు బొగ్గు ఎక్కువ తింటాయి, కరెంటు తక్కువ ఇస్తాయి, పొగ ఎక్కువ వదులుతాయి; అడవి అవతల కొత్త ప్లాంటు తయారైంది, అందులో ఒక్క యూనిట్ ఇక్కడి యూనిట్లన్నిటికీ సమానం; ఇక్కడి బూడిద చెరువు ఎండబెట్టి దాని మీద సోలార్ పలకలు పరుస్తారు. ఇదంతా తెర మీద బొమ్మలు వేసి చూపించింది.

నేను వెనక నుంచి లేచి నిలబడ్డాను. "అంటే ముసలి బర్రె లెక్కన అన్నట్టు బిడ్డా. మేత బండెడు, పాలు చెంబెడు."

"కరెక్టుగా చెప్పారమ్మా" అని నవ్వింది.

"మరి బర్రెను తోలేస్తరు. పాలు పిండినోళ్ళను ఏం జేస్తరు?"

హాల్లో నవ్వుతున్నవాళ్ళు ఆగారు. ఆ పిల్ల కూడా నవ్వు ఆపి, దాచకుండా చెప్పింది. కొందరిని సోలార్‌కు, కొందరిని కొత్త ప్లాంటుకు తీసుకుంటారు. కొత్త ప్లాంటుకు వెళ్ళినవాళ్ళను ఈ వానాకాలం అయ్యేదాకా చూస్తారు. పనికి అలవాటు పడితే అక్కడే ఉంటారు. పడకపోతే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి, రాష్ట్రంలో ఏ మూలకైనా, పంపుతారు.

దేవ్లా పేరు కొత్త ప్లాంటుకు వచ్చింది. హేమ్లి ఆ సాయంత్రం అందరికీ బెల్లం ముక్క పెట్టింది, కానీ ముఖంలో భయం పోలేదు. ఆమెకు మోకాళ్ళు అరిగిపోయాయి. భద్రాచలం దవాఖానాలో చూపించుకుంటే మెట్లెక్కొద్దు, బరువెత్తొద్దు అన్నారు. నీళ్ళ బిందె ఎత్తేది దేవ్లానే, పొయ్యి మీది ఎసరు దింపేది దేవ్లానే. కూతురు సంగీతను దుమ్ముగూడెం ఇచ్చారు. అక్కడ మంచాన పడ్డ అత్తను విడిచి ఆ పిల్ల రాలేదు. దేవ్లాను ఏ దూరానికో పంపితే క్వార్టరు ఖాళీ చేయాలి. ఆయన అక్కడ, ఈమె తండాలో ఎవరి వసారాలోనో. ముసలితనానికి ముందు ఇద్దరూ చెరో దిక్కు. కొత్త ప్లాంటైతే రోజూ ఇక్కడి నుంచి బస్సు ఉంది. మధ్యాహ్నానికి మనిషి ఇల్లు చేరతాడు. వాళ్ళ సంసారం మొత్తం ఆ వానాకాలం మీద నిలబడి ఉంది.

పాత ప్లాంటు ఆపిన రోజు మేం ఆడవాళ్ళం సంతోషించాం, అబద్ధం ఎందుకు. వడియాలు దడి మీద రోజంతా ఉంచినా తెల్లగానే ఉన్నాయి. కానీ ఆ హోరు పోయాక ఇంట్లో ఫ్యాను కీచుమనడం, పక్కింటాయన దగ్గు, దూరాన కుక్కలు, ఇన్నాళ్ళు ఉన్నాయో లేవో తెలియనివన్నీ చెవిలో దూరడం మొదలుపెట్టాయి. క్యాంపులో సగం మంది ఎర్రటి కళ్ళతో తిరిగారు. మెల్లగా అందరికీ అలవాటైంది, దేవ్లాకు తప్ప.

వానలు పట్టుకున్న కొద్ది రోజులకు హేమ్లి కుంటుకుంటూ గిర్నికి వచ్చింది. చేతిలో జొన్నల సంచి, చంకలో ఒక మూట. ఆ వేళకు దేవ్లా రాలేదు. అటూ ఇటూ చూసి మూట విప్పి బల్ల మీద పరిచింది. దేవ్లా డ్యూటీ అంగీ, బనీను.

"విశ్రాంతమ్మక్కా, ఇది చూడు."

"ఏం జూడాలె? మసి."

"మంచిగ చూడు. కొత్త ప్లాంటుకు పోయిన కొన్నాళ్ళు మసి ఉన్నది. మొదటి వాన పడ్డంక అంగీ పొద్దుగాల ఎట్ల పోయిందో గట్లనే వచ్చింది, తెల్లగ. ఏందయ్యా అని అడిగిన. మర్నాటి నుంచి మళ్ళ మసి."

"ఇంకేం, మంచిదే గద."

"ఏం మంచిదక్కా!" హేమ్లి బనీను తీసి నా ముఖం ముందు ఆడించింది. "బనీను తెల్లగున్నది. మిల్లు కాడి దుమ్ము అంగీ లోపలికి దిగుతది, బనీనుకు పడతది, చంకలల్ల పడతది, చెవులల్ల పడతది. ఇది పైపైన ఉన్నది. రొమ్ము మీద ఉన్నది, వీపు మీద లేదు. ఇది పని మసి గాదక్కా, పూసుకున్న మసి."

నేను అంగీ తిరగేసి చూశాను. లోపల మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

"నౌకరీ పోయింది" అంది హేమ్లి. "నాకు చెప్తలేడు. పొద్దుగాల బస్సెక్కి పోయి ఏడనో కూసోని వస్తున్నడు. ఏ దినమో ఆర్డరు ఇంటికొస్తది. ఇల్లు ఖాళీ చెయ్యుమంటరు. అక్కా, నువ్వయితే కనుక్కుంటవ్. నీకు చెప్పనోడు ఈ క్యాంపుల లేడు."

అడగాలా? ఆమె అడగకపోయినా నేను కనుక్కునేదాన్నే. ఆ మధ్యాహ్నం దేవ్లా బల్ల మీద నిద్ర లేవగానే ఎదురుగా నిలబడి, "డ్యూటీ ఎట్లున్నది తమ్మీ?" అన్నాను.

"మంచిగున్నది."

"ఏం పని ఇచ్చిండ్రు?"

"మిల్లుల కాడనే."

"సుత్తె కొడుతున్నవా?"

ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. "హేమ్లికి నీళ్ళు పట్టాలక్కా" అని వెళ్ళిపోయాడు. జవాబు చెప్పని మనిషి దగ్గర జవాబు ఉందని అర్థం.

రెండో రోజు గిర్నికి తాళం వేసి, మంచి చీర కట్టుకుని, బస్టాపుకు పోయాను. పొద్దటి షిఫ్టు వాళ్ళు వెళ్ళాక జనరల్ డ్యూటీ వాళ్ళకు ఇంకో బస్సు ఉంటుంది. డ్రైవరు వీరన్న నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెద్దమ్మా, ఇది డ్యూటీ బస్సు. డ్యూటీ ఉన్నోళ్ళే ఎక్కాలె."

"నేను గూడ డ్యూటీ మీదనే వచ్చిన."

"నీదేం డ్యూటీ?"

"మంది ముచ్చట్లు కనుక్కునే డ్యూటీ. నీకు తెల్వదా? ఎన్నేండ్ల సర్వీసో!"

బస్సంతా నవ్వింది. వీరన్న చెయ్యి తీశాడు. నేను ఆయన వెనక సీట్లోనే కూర్చుని, అడవి దారిలో గుంతల మీద ఎగురుతూ అడిగాను.

"దేవ్లా రోజూ ఎక్కుతున్నడా?"

"ఎక్కుతున్నడు. ఒక్క దినం తప్పలే."

"ప్లాంటు లోపలికి పోతున్నడా, బయటనే ఉంటున్నడా?"

"గేటు దాటుడు నేను కండ్లార చూస్తున్న. వచ్చేటప్పుడే ఉన్నది ముచ్చట." వీరన్న అద్దంలో నన్ను చూసి గొంతు తగ్గించాడు. "జేబుల బొగ్గుపెళ్ళ పెట్టుకొస్తడు. ఇప్పగూడెం మలుపు రాంగనే తీసి అంగీకి రుద్దుకుంటడు. పెళ్ళికి గంధం రాసుకున్నట్టు రాసుకుంటడు పెద్దమ్మా."

"ఎందుకని అడగలేదా?"

"అడిగిన. 'నువ్వు బండి నడుపు' అన్నడు."

కొత్త ప్లాంటు చూసి నేను కాసేపు మాట్లాడలేదు. నన్ను ఎరిగినవాళ్ళు ఇది నమ్మరు. అంత పెద్ద కట్టడం, అంత పొడుగు చిమ్నీ, పొగ మాత్రం ఆకాశంలో వెతుక్కోవాలి. నేల మీద మసి లేదు. ఎవరి ముఖమూ నల్లగా లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు నన్ను అక్కడే ఆపేశారు. ఎదురుగా రేకుల హోటల్లో కూర్చున్నాను. షిఫ్టు వదిలేదాకా హోటలామె పుట్టిల్లు, అత్తిల్లు, ఆమె చెల్లెలి కాన్పు అన్నీ కనుక్కున్నాను.

మధ్యాహ్నం దేవ్లా బయటికి వచ్చాడు. ఇస్త్రీ మడత కూడా చెదరని అంగీ. నడక మాత్రం బరువు మోసి వచ్చినవాడిది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా! నువ్విక్కడేంది? హేమ్లికి ఏమన్నయిందా?"

"ఆమెకేం కాలే. నీకేమయిందో చూద్దామని వచ్చిన. కూసో. ఆ జేబుల బొగ్గుపెళ్ళ తియ్యి."

ఆయన నిలబడ్డ చోటే నిలబడి, జేబులోంచి బొగ్గుముక్క తీసి బల్ల మీద పెట్టాడు. దొరికిపోయిన దొంగలా కాదు, బరువు దించుకున్న హమాలీలా.

"నౌకరీ పోయిందా?"

"పోలే అక్కా. కుర్చీ ఇచ్చిండ్రు."

"కుర్చీయా?"

"అవ్. చక్రాల కుర్చీ. ఏసీ రూముల. ముంగట టీవీ."

హోటలామె రెండు చాయలు పెట్టి, మేం చెప్పుకునేది వినడానికి అక్కడే బల్ల తుడుస్తూ ఉండిపోయింది. నేను ఏమనను, నాలాంటి మనిషే.

జరిగింది ఇదీ. కొత్త ప్లాంటులో కూడా మొదట దేవ్లాకు మిల్లుల దగ్గరే పని ఇచ్చారు, చుట్టూ తిరిగి చూసే పని. మొదటి వాన పడింది. బొగ్గు గొట్టంలో పట్టుకుంది. పట్టుకున్న చప్పుడు, అంటే చప్పుడు ఆగిపోవడం, దేవ్లాకు పుట్టుక నుంచి తెలిసినట్టు తెలుసు. ఎవరినీ అడగలేదు. మూలన ఎవరిదో సుత్తె ఉంది. తీసుకుని, ఇన్ని వానాకాలాలు కొట్టినట్టే, గొట్టం మీద ఎగిరెగిరి కొట్టాడు. ఇక్కడి గొట్టం అక్కడి గొట్టం కాదు. ఇక్కడ బొగ్గు మిల్లులోకి పోయే ముందు దానంతటదే తూకం అవుతుంది. సుత్తె దెబ్బలకు ఆ తూకం అదిరిపోయింది. లెక్క తప్పిందని మిషను తనంతట తానే ఆగింది, దాని వెనక మిల్లు ఆగింది. దేవ్లా చేతిలో సుత్తెతో నిలబడి ఉండగా చుట్టూ ఎర్ర లైట్లు వెలిగాయి.

"భార్గవి మేడమ్ దిగొచ్చింది" అన్నాడు. "ఎవరు కొట్టిండ్రు అన్నది. నేనే అన్న. తిట్టలే అక్కా. తిడితే మంచిగుండు."

"ఏమన్నది మరి?"

"'తప్పు మీది గాదు దేవ్లా గారూ, అలవాటుది. కానీ చెయ్యి ఆగకపోతే నేను మిమ్ములను ఇక్కడ ఉంచలేను' అన్నది. వానలు తగ్గేదాక కుర్చీల కూసోమన్నది. టీవీల మిల్లు మిల్లుకు ఒక గీత ఉంటది. ఏ గీత పడితే ఆ మిల్లు పేరు పిలవాలె. లేవొద్దు. ముట్టొద్దు. నన్ను ఉంచుడా పంపుడా ఆమె మాట మీదనే ఉన్నది."

"కూసుంటే అయిపాయె గద తమ్మీ. జీతానికి జీతం, సల్లటి గాలి."

దేవ్లా చాయ తాగకుండా గ్లాసు తిప్పుతూ ఉన్నాడు. "కూసునుడు నాకు రాదక్కా. వాన పడుతుంటది. గీత కిందికి దిగుతుంటది. ఈ భుజం దానంతటదే లేస్తది. పట్టుకుని కూసోవాలె. మునుపు కొట్టి కొట్టి ఇంటికి పోతే అన్నం రుచి ఉండేది, పక్క మీద పడితే తెల్లారేది. ఇప్పుడు ఏం చెయ్యక అలసిపోతున్న. ఇంట్ల నిద్ర రాదు, సప్పుడే లేదు. మీ గిర్ని ఒక్కటే మా పాత మిల్లు లెక్కన మొత్తుకుంటది."

నాకు జ్వరం దిగినట్టయింది. దాని చోట ఇంకేదో బరువు వచ్చి కూర్చుంది.

"హేమ్లికి చెప్పరాదా?"

"ఏమని చెప్పాలె? నలుగురిల ఆమె అనే మాట నీకు తెల్వదా? సుత్తె పడితే ఫ్యాను తిరుగుతదని. ఆ సుత్తెతోనే మిల్లు ఆపిన అని చెప్పాలెనా? నువ్వు గూడ చెప్పకు."

అంతలో బస్సు హారన్ కొట్టింది. ఇప్పగూడెం మలుపులో ఆయన నా వైపు ఒకసారి చూసి, బొగ్గుముక్క తీసి అంగీ మీద రుద్దుకున్నాడు. నేను కిటికీ బయటికి చూశాను.

హేమ్లి ఆ సాయంత్రం గిర్ని మెట్ల మీదే కాచుకుని కూర్చుంది. ఏమీ లేదని ఒట్టి మాట చెప్పి పంపుదామనుకున్నాను. కానీ ఆమె అప్పటికే ఇంట్లో సామాన్లు గోనె సంచుల్లో సర్దడం మొదలుపెట్టిందట, ఆ మోకాళ్ళతో. అది విని మొత్తం చెప్పేశాను.

"కుర్చీల కూసుంటే నౌకరీ ఉంచుతరా?" అంది హేమ్లి.

"కదలకుండ కూసుంటే ఉంచుతరట."

"పెండ్లి పీటల మీదనే కదలకుండ కూసోలేదక్కా ఆయన. రెండుసార్లు లేచి పోయి మైకు సదిరిండు." నవ్వబోయి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఉంటడా?"

ఆ తర్వాత ఆమె ఏం చేసిందో చెప్పాలి. దేవ్లాను ఒక్క మాట అడగలేదు. పైన మసి పూసిన అంగీని, లోపల మల్లెపువ్వులా ఉన్నదాన్ని, అదే పట్టుతో ఉతికింది. డ్యూటీ బట్టల తాడు మీదే ఆరేసింది. కాలువలో నీళ్ళు పేరుకు కొంచెం నల్లబడి మా ఇంటి ముందు నుంచి పోయేవి. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని. నా జన్మలో అలా ఉండటం అదే మొదలు.

ఇటు పాత ప్లాంటును ముక్కలు కోయడం మొదలుపెట్టారు. రోజుకో లారీ ఇనుము పోయేది. కోసినప్పుడు లేచే నిప్పురవ్వలు మా వీధిలోకి కనిపించేవి. ఒకప్పుడు అందులో పనిచేసినవాళ్ళు రోడ్డు మీద ఆగి చూసి, ఏమీ అనకుండా నడిచిపోయేవాళ్ళు.

శ్రావణం వెళ్ళి భాద్రపదం వచ్చాక అసలు వాన పట్టుకుంది. భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని టీవీలో మాటిమాటికీ చెబుతున్నారు. ఆ రోజు మధ్యాహ్నం బస్సు రాలేదు. వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చిందన్నారు. హేమ్లి సంచి పట్టుకుని గిర్నికి వచ్చి కూర్చుంది. పట్టించుకోవడానికి తెచ్చింది కానీ సంచి నా చేతికి ఇవ్వలేదు. రోడ్డు వైపే చూస్తోంది. దీపాలు పెట్టే వేళకు బస్సు వచ్చింది. దేవ్లా దిగాడు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అంగీ మీద మసి లేదు. వానకు కడుక్కుపోయిందో, రుద్దుకోవడం మరిచాడో. బల్ల మీద హేమ్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రా, కూసో" అంది హేమ్లి. "ఇయ్యాల గీత పడ్డదా?"

ఆయన నా వైపు చూశాడు. నేను జల్లెడ దులపడం మొదలుపెట్టాను.

"పడ్డది" అన్నాడు కూర్చుంటూ. ఇద్దరి మధ్యా సంచి.

"చెప్పు మరి."

"బొగ్గు బురదయిపోయిందే. తెల్లారంగనే మూడో మిల్లు గీత దిగుడు మొదలుపెట్టింది. పిలిచిన. పక్క కుర్చీల ఆపరేటరు జస్టిన్ సారు బటన్ నొక్కిండు. ఆడ గొట్టంల గాలి పేలుతది, గా గాలికి బొగ్గు ఊడాలె. ఊడలే. మళ్ళ నొక్కిండు. ఊడలే. గీత ఇంకా దిగింది." ఆయన కుడి చెయ్యి మెల్లగా లేచింది. చూసుకుని దించుకున్నాడు. "మేడమ్ వచ్చింది. నా వెనక నిలబడ్డది. ఆమె టీవీ చూస్తలే, నన్ను చూస్తున్నది. నాకు తెలుస్తున్నది. రెండు చేతులు తొడల కింద పెట్టుకుని కూసున్న."

"అయితే?"

"మిల్లు ఆగిపోయింది."

హేమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను కండ్లు మూసుకున్న. ఇగ కరెంటు పోతది, ఊర్లు చీకటయితయి అనుకున్న. నేను లేస్తే బాగుండు అనుకున్న. కండ్లు తెరిస్తే లైటు మిణుకుమని గూడ అనలే. గీతలల్ల ఇంకో గీత లేచింది. ఆడ ఎప్పటికీ ఒక మిల్లు ఉత్తగ నిలబడి ఉంటదట, గిట్లాంటి యాళ్ళకు. దాన్ని నడిపిండ్రు. గంతే."

"గంతేనా?"

"గంతే. మేడమ్ నా భుజం మీద చెయ్యేసింది. 'దేవ్లా గారూ, మీరు ఇక్కడనే ఉంటున్నరు. పైన చెప్పేస్త' అన్నది."

నేను జల్లెడ కింద పెట్టాను. వాన రేకుల మీద దబదబ కొడుతోంది. హేమ్లి ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. మొగుడి ముఖంలోకి, చేతుల్లోకి మార్చి మార్చి చూస్తోంది.

"నువ్వు ఏం జెయ్యలే?"

"ఏం జెయ్యలే."

"మరి గింత అలసిపోయినవేంది?"

"నేను కొట్టకున్నా కరెంటు పోలేదే" అన్నాడు దేవ్లా. గొంతు ఎప్పటిలా గట్టిగా లేదు. ఈ మాట ఒక్కటి మాత్రం మామూలు మనుషుల్లా మెల్లగా అన్నాడు.

హేమ్లి చెయ్యి చాపింది. "ఆ బొగ్గుపెళ్ళ ఇటియ్యి."

ఆయన ఉలిక్కిపడ్డాడు. జేబులోంచి తీసి ఇచ్చాడు. అరిగి అరిగి చింతగింజంత అయింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"బనీను తెల్లగున్న నాడే."

"మరి అడగవైతివి?"

"నువ్వు రుద్దుకొస్తుంటివి, నేను ఉతుకుతుంటిని. ఇద్దరికి ఏదో ఒక పని ఉండాలె గద" అంది. బొగ్గుముక్కను గుమ్మం బయటికి, వానలోకి విసిరేసింది. "రేపటి నుంచి నా చీరల తాడు మీదనే ఆరేస్త నీ అంగీ. ఆఫీసరు అంగీ అది."

"ఆఫీసరు గాదు" అన్నాడు దేవ్లా. "కుర్చీ ఒక్కటే."

ఆయన తల గోడకు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు గానీ నిద్ర రావడం లేదని రెప్పలు చెబుతున్నాయి. హేమ్లి నాకు సంచి అందించింది. నేను జొన్నలు పోసి స్విచ్చి వేశాను. బెల్టు కదిలి, రాళ్ళు తిరిగి, గిర్ని హోరెత్తింది. దేవ్లా దవడ వదులైంది. భుజాలు దిగాయి. రెండు చేతులూ తొడల కింద నుంచి అప్పుడు బయటికి వచ్చి ఒళ్ళో పడ్డాయి. ఆ చేతులు ఎప్పుడు మళ్ళీ అక్కడికి పోయాయో నేను చూడలేదు.

హేమ్లి జొన్నలు ఎంతని? కాసేపట్లో పై డబ్బాలో అడుగు కనిపించింది. ఒట్టి గిర్ని తిప్పితే రాళ్ళు ఒకదాన్నొకటి తినేస్తాయి, తిప్పకూడదు. నేను స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"ఆగక్కా, కట్టకు" అంది హేమ్లి గుసగుసగా. మోకాలు పట్టుకుని లేచి, సంచి అడుగు నుంచి ఇంకో చిన్న మూట తీసింది. దాని కింద ఇంకోటి ఉంది. ఇంట్లోని జొన్నలన్నీ కొంచెం కొంచెంగా మూటలు కట్టి తెచ్చుకుంది. "ఇవి గూడ పొయ్యి. జల్దీ గాదు, మెల్లగ పొయ్యి."